చమురు కొనడం తప్పు కాదు, ఒకే అంగడిని నమ్ముకోవడమే ముప్పు

పదో తరగతికి ఇంధన వనరుల పాఠం చెప్పే ప్రతి ఏడూ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘‘సౌదీవాళ్ల దగ్గర చమురు ఉంది, మన దగ్గర లేదు. అంటే మనం వాళ్ల చెప్పుచేతల్లో ఉన్నట్టేనా టీచర్?’’ అని. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చే పెద్దలు అడిగే తీరు వేరు. ‘‘గోదావరి దగ్గర అంత గ్యాసు పడిందన్నారు కదా, అది తీసుకోకుండా బయటినుంచి ఎందుకు కొంటున్నారు?’’ అంటారు. రెండు ప్రశ్నల అడుగునా ఉన్న నమ్మకం ఒక్కటే. తవ్వుకునే దేశం బలమైనదనీ, కొనుక్కునే దేశం బలహీనమైనదనీ.

మనం పాఠం చెప్పే పద్ధతి ఈ నమ్మకాన్ని కదిలించదు, పైగా గట్టిపరుస్తుంది. దిగ్బోయ్, అంకలేశ్వర్, బాంబే హై, కృష్ణా-గోదావరి అని పటంలో చుక్కలు పెట్టిస్తాం. చమురు ఎగుమతి చేసే దేశాల పేర్లు వల్లె వేయిస్తాం. ‘దిగుమతులు తగ్గించుకోవాలి’ అని ఒక వాక్యం చెప్పి పేజీ తిప్పేస్తాం. ఖనిజాల పాఠంగా అది సరిపోతుంది. కానీ చమురు మన ఇళ్లలోకి వచ్చేది ఖనిజంగా కాదు, కొన్న సరుకుగా. దాన్ని వ్యాపార పాఠంగా చెప్పకపోతే పిల్లలకు సగమే చెప్పినట్టు. ఆ సగంతోనే వాళ్లు రేపు పత్రిక చదువుతారు, ఓటు వేస్తారు.

ముందు లెక్కలు చూద్దాం. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటినుంచి వస్తుంది. సహజవాయువులో దాదాపు సగం, వంటగ్యాసులో సుమారు 60 శాతం దిగుమతే. వంటింట్లోని బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది కదా, అందులో ఎనిమిదిన్నర కిలోలు ఓడ దిగి వచ్చినవే అనుకోవచ్చు. 2015 మార్చిలో ఢిల్లీలో జరిగిన ఊర్జా సంగమ్ సదస్సులో ప్రధాని నరేంద్ర మోదీ ఒక లక్ష్యం చెప్పారు. అప్పటికి 77 శాతంగా ఉన్న చమురు దిగుమతి ఆధారాన్ని 2022 నాటికి పది శాతం తగ్గించాలని. 2022 వచ్చేసరికి అది తగ్గలేదు సరికదా, 85 దాటింది. ఒక పార్టీనో ఒక మంత్రినో తప్పు పట్టి లాభం లేదు. 1974లో కనుగొన్న బాంబే హై ముసలిదైపోయింది. రోడ్ల మీద బళ్లు మాత్రం ఏటేటా పెరుగుతున్నాయి. మా హోసూరు దగ్గర జాతీయ రహదారి పక్కన పది నిమిషాలు నిలబడి లారీలు లెక్కపెడితే చాలు, ఆ శాతం ఎందుకు పెరిగిందో వేరే చెప్పక్కరలేదు.

గోదావరి గ్యాసు సంగతి. యానాం, కాకినాడ వైపు పాఠకులకు ఇది నాకన్నా బాగా తెలుసు. కేజీ-డీ6లో గ్యాసు పడింది 2002లో. యానాంకు దగ్గర్లోని గాడిమొగ టెర్మినల్‌కు అది రావడం మొదలైంది 2009 ఏప్రిల్‌లో. మరుసటి ఏడాదికి రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. దేశం గ్యాసు కరవు తీరిపోయిందని అప్పట్లో చాలామంది రాశారు. తర్వాత కొన్నేళ్లలోనే అందులో పదో వంతుకు పడిపోయింది. సముద్రం అడుగున రాతిపొరల్లో ఏముందో, ఎంత వేగంగా నీరు వచ్చి కలుస్తుందో ముందే ఎవరికీ పూర్తిగా తెలియదు. 2020 చివరినుంచి కొత్త బావులు తెరిచాక మళ్లీ లేచింది. కాబట్టి అక్కడ గ్యాసు ఉందన్నదీ నిజమే, తీస్తున్నారన్నదీ నిజమే. అది దేశానికంతటికీ చాలదన్నది మూడో నిజం.

ఎంత చాలదో పిల్లల చేత లెక్క కట్టించవచ్చు. కోనసీమలో తాటిపాక దగ్గర 2001లో మొదలైన చిన్న రిఫైనరీ ఉంది. దాని సామర్థ్యం ఏడాదికి 66 వేల టన్నులు. దేశం ఏడాదికి దిగుమతి చేసుకునే ముడి చమురు సుమారు 23 కోట్ల టన్నులు. రోజుకు 6 లక్షల 30 వేల టన్నులు, గంటకు 26 వేల చిల్లర. అంటే తాటిపాక ఏడాది పొడవునా శుద్ధి చేసేది దేశం రెండున్నర గంటల్లో దిగుమతి చేసుకునేంత. మా క్లాసులో ఈ లెక్క బోర్డు మీద చేసినప్పుడు వెనక బెంచీ కూడా నిశ్శబ్దమైంది. ‘అక్కడ తవ్వితే సరిపోదా’ అన్న ప్రశ్నకు ఉపన్యాసం కన్నా ఈ భాగహారమే బాగా జవాబు చెబుతుంది.

తవ్వుకోవడం ఉచితమేమీ కాదన్నదీ చెప్పాలి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంటే రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. సొంత చమురు అంటే సొంత నేల, సొంత మనుషులు కూడా.

ఇక ‘కొనుక్కునే దేశం బలహీనం’ అన్న మాట. దీన్ని పరీక్షించడానికి రెండు దీవుల దేశాలు చాలు. జపాన్‌లో చమురు దాదాపు లేదు. శ్రీలంకలోనూ లేదు. రెండూ తమకు కావలసిందంతా కొనుక్కునేవే. దిగుమతి ఆధారం శాతం లెక్కలో చూస్తే రెండిటికీ ఒకే మార్కులు పడాలి.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురును ఆయుధంగా వాడాయి. పీపా సుమారు 3 డాలర్లు ఉన్న చమురు కొద్ది నెలల్లో 12 డాలర్ల దరిదాపులకు చేరింది. అప్పటికి జపాన్ కొనే ముడి చమురులో దాదాపు ముప్పావు వంతు పశ్చిమాసియాదే. ఆ దెబ్బకు ఆ దేశం చేసిందేమిటి? ఎక్కడో చమురు తవ్వలేదు, ఉంటే కదా తవ్వడానికి. తక్కువ ఇంధనంతో నడిచే కార్లు, యంత్రాలు చేసింది. వాటిని ప్రపంచానికి అమ్మింది. కరెంటుకు చమురు మండించడం తగ్గించి అణు విద్యుత్తు, బొగ్గు, ద్రవీకృత సహజవాయువు వైపు మళ్లింది. ఈ ద్రవవాయువు కథ సైన్సు టీచర్లకు ఇష్టమైనది. గ్యాసును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, ఆరు వందల వంతుల్లో ఒక వంతు చోటులో ఇమిడిపోతుంది. అప్పుడే ఓడలో పోసి పంపగలం. అన్నిటికన్నా ముఖ్యంగా జపాన్ నిల్వలు కట్టుకుంది. ఇవాళ ఆ దేశం దగ్గర 200 రోజులకు పైగా సరిపడే చమురు నిల్వ ఉంటుంది. ఇన్ని చేసినా నేటికీ దాని ముడి చమురులో 90 శాతానికి పైగా పశ్చిమాసియానుంచే వస్తుందన్నది మరిచిపోకూడదు. అంత తెలివైనవాళ్లకూ అన్ని ద్వారాలూ దొరకలేదు.

శ్రీలంక సంగతి మన కళ్ల ముందే జరిగింది. కోవిడ్‌తో పర్యాటకులు రావడం ఆగింది. దానికి ముందే పన్నులు తగ్గించి ఖజానాను పలచన చేసుకున్నారు. పాత అప్పుల వాయిదాలు మీద పడ్డాయి. చేతిలో డాలర్లు అయిపోయాయి. చమురు ఓడలు వస్తే డబ్బు కట్టి సరుకు దించుకోలేని స్థితి. 2022 మార్చిలో కాగితం, సిరా కొనలేక పశ్చిమ రాష్ట్రంలో పరీక్షలు వాయిదా వేశారు. జూన్‌లో ఇంధనం లేక నగరాల్లో బడులు మూసేశారు. ఆ నెలాఖరున ప్రైవేటు వాహనాలకు పెట్రోలు అమ్మడమే రెండు వారాలు ఆపేశారు. మన పక్క దేశంలో, మనలాంటి పిల్లలు, మనలాంటి టీచర్లు, బస్సు నడవక ఇంట్లో కూర్చున్నారు. ఈ ఉదాహరణ చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. చమురు అంటే ఎక్కడో ఎడారిలో ఒంటెల పక్కన ఉండే బావి అనుకునేవాళ్లు, అది తమ హాజరు పట్టీ దాకా వచ్చే సంగతి అని అప్పుడు గుర్తిస్తారు.

మనకూ అలాంటి ఏడాది ఒకటుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగిరింది. కువైట్‌లో పనిచేసే మనవాళ్ల జీతాలు ఆగిపోయాయి, వాళ్లు పంపే డబ్బూ ఆగిపోయింది. 1 లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను దాదాపు 500 విమాన ప్రయాణాల్లో ఇంటికి చేర్చారు. కడపనుంచి, గోదావరి జిల్లాలనుంచి వెళ్లినవాళ్లు వాళ్లలో ఎందరో. 1991 నాటికి దేశం చేతిలో ఉన్న విదేశీ మారక ద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే దశకు వచ్చింది. జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌లకు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. మన తెలుగువాడు పీవీ నరసింహారావు ప్రధాని అయి అప్పటికి కొద్ది రోజులే. పీవీ గురించి మన బడుల్లో గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. ఆ బంగారం ఎందుకు కదిలిందన్న దానిలో చమురు వాటా ఎంతో కూడా చెబితే పాఠం నిండుతుంది.

దీన్నిబట్టి, కొనడంలో ప్రమాదం లేదనీ, కొనడానికి జేబులో డబ్బు లేకపోవడమే ప్రమాదమనీ ఎవరైనా అనవచ్చు. అదీ సగమే. జర్మనీకి డబ్బుకు కొదవ లేదు. అయినా ఇరుక్కుంది.

పశ్చిమ జర్మనీ 1973లోనే సోవియట్ గ్యాసు కొనడం మొదలుపెట్టింది. గొట్టంలో వచ్చేది కాబట్టి చవక, యాభై ఏళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. 2021 నాటికి జర్మనీ కొనే గ్యాసులో సగానికి పైగా రష్యాదే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక ఆ సరఫరా తగ్గుతూ తగ్గుతూ సెప్టెంబరు నాటికి ప్రధాన గొట్టంలో ఆగిపోయింది. యూరప్‌లో గ్యాసు ధరలు ఆగస్టులో ఎన్నడూ లేనంత ఎత్తుకు వెళ్లాయి. జర్మనీ తన డబ్బుతో, తన ఇంజనీర్లతో కొన్ని నెలల్లోనే విల్హెల్మ్స్‌హావెన్ రేవులో ద్రవవాయువు దించే తేలియాడే టెర్మినల్ కట్టుకుంది. నార్వేనుంచి, అమెరికానుంచి కొనుక్కుంది. ఆ చలికాలం గడిచింది. అయితే యూరప్ ఎక్కువ ధర ఇచ్చి ఓడలను తనవైపు తిప్పుకున్నప్పుడు, ఆ ఓడలు రావలసిన చోట రాలేదు. అదే ఏడాది జులైలో పాకిస్తాన్ ద్రవవాయువుకు టెండరు పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. అక్కడ గంటల తరబడి కరెంటు కోతలు. సంతలో సరుకు తక్కువైనప్పుడు పెద్ద సంచీ ఉన్నవాడు ముందు వెళ్తాడు, చిన్న సంచీవాడు ఖాళీగా తిరిగొస్తాడు. మా ఊరి సోమవారం సంతలో ఉల్లిగడ్డల దగ్గర చూసేదే ఇదీ.

నేపాల్‌ది ఇంకా ఇరుకైన స్థితి. చుట్టూ భూమే, పెట్రోలు అమ్మే అంగడి ఒక్కటే, ఆ అంగడి మనది. ఇండియన్ ఆయిలే నేపాల్‌కు ఇంధనం అమ్మేది. 2015 సెప్టెంబరునుంచి దాదాపు ఐదు నెలలు సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి. భారత్ ఆపిందని నేపాల్ అన్నది, మధేశీల ఆందోళన వల్ల ఆగాయని భారత్ అన్నది. ఎవరి మాట ఎంత నిజమన్నది నా విషయం కాదు. భూకంపం వచ్చిన ఏడాదే వంటగ్యాసు లేక కఠ్మాండూలో జనం కట్టెల పొయ్యి మీద వండుకున్నారు. గల్ఫ్ దేశాల దయ మీద ఉన్నామా అని అడిగే మన పిల్లలకు, మన దయ మీద ఉన్నామా అని అడిగే పిల్లలూ పక్క దేశంలో ఉన్నారని తెలియడం మంచిది.

మొదటి ప్రశ్నకు మళ్లీ వద్దాం. మనం సౌదీ, ఖతర్ల చెప్పుచేతల్లో ఉన్నామా? గుజరాత్‌లోని దహేజ్ టెర్మినల్‌కు 2004నుంచి ఖతర్ ద్రవవాయువు వస్తోంది, పాతికేళ్ల ఒప్పందం మీద. 2015లో బయటి మార్కెట్లో గ్యాసు ధర పడిపోతే మన కంపెనీ ఒప్పందంలో రాసినదానికన్నా తక్కువ కొనడం మొదలుపెట్టింది. రాత ప్రకారం సుమారు 12 వేల కోట్ల రూపాయల జరిమానా కట్టాలి. ఆ ఏడాది చివర జరిగిన బేరంలో ఖతర్ జరిమానా వదులుకుంది, ధర కూడా తగ్గించింది. ఎందుకంటే వాళ్లకూ అమ్ముకోవాలి. ఇంత పెద్ద కొనుగోలుదారుణ్ని పోగొట్టుకుంటే వాళ్ల గ్యాసు ఎక్కడికి పోవాలి? అమ్మేవాడికీ భయం ఉంటుంది. అంగళ్లు నాలుగు ఉన్నప్పుడు కొనేవాడి మాటకు విలువ ఉంటుంది. ఉన్నది ఒక్క అంగడే అయితే బేరమే ఉండదు.

ముడి చమురులో మనకు అంగళ్లు చాలా ఉన్నాయి. ఇరాక్, సౌదీ, యూఏఈ, అమెరికా, ఆఫ్రికా దేశాలు. 2022కు ముందు రష్యా వాటా రెండు శాతం కూడా లేదు. యుద్ధం తర్వాత తగ్గింపు ధరకు అమ్ముతుంటే కొన్నాం. ఏడాది తిరిగేసరికి మూడో వంతు దాటింది. చవకగా వచ్చింది కాబట్టి లాభమే. కానీ ఒక అంగడి వాటా అంత పెరిగితే దాని గొడవలు మన ఇంటికి వస్తాయి. 2025 ఆగస్టులో అమెరికా మనం రష్యా చమురు కొంటున్నామన్న కారణం చెప్పి మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. అప్పటికే ఉన్నదానితో కలిపి 50 శాతం. దెబ్బ తగిలింది రిఫైనరీలకు కాదు, భీమవరం, కాకినాడ వైపు రొయ్యల రైతులకు, తిరుప్పూరు బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్లకు. రొయ్యకూ రష్యా చమురుకూ ఏమిటి సంబంధం అని పిల్లలను అడిగి చూడండి. వాళ్లు ఆ దారి తామే కనిపెట్టుకుంటూ వెళ్తే అంతకు మించిన అంతర్జాతీయ వ్యాపార పాఠం లేదు.

వంటగ్యాసు విషయంలో మాత్రం నాకు భయం ఎక్కువ. ఉజ్వల పథకం 2016లో మొదలయ్యాక కోట్ల ఇళ్లలో కట్టెల పొయ్యి పోయింది. ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ గ్యాసు దిగుమతి దాదాపు అంతా ఖతర్, యూఏఈ, కువైట్, సౌదీలనుంచే. ధరకు సౌదీ కంపెనీ ప్రతి నెలా ప్రకటించే రేటే కొలత. అది వచ్చే దారి హార్ముజ్ జలసంధి. ఇరాన్‌కూ ఒమాన్‌కూ మధ్య, ఇరుకైన చోట వెడల్పు 33 కిలోమీటర్లే. ప్రపంచం రోజూ వాడే చమురులో ఐదో వంతు, రెండు కోట్ల పీపాలు ఆ దారినే నడిచాయి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ పన్నెండు రోజులు కొట్టుకున్నప్పుడు ఆ దారి మూస్తారన్న మాట వస్తేనే ధరలు ఎగిరాయి. ముడి చమురుకు వేరే అంగళ్లు వెతుక్కున్నాం. వంటగ్యాసుకు ఆ పని జరిగింది తక్కువ. దేశమంతా ఒక వీధిలోని అంగళ్లలోనే కొంటున్నట్టు.

నిల్వల మాట కూడా చెప్పాలి. విశాఖలో, మంగళూరులో, ఉడుపి దగ్గర పాదూరులో కొండరాళ్లు తొలిచి భూగర్భ గుహల్లో ముడి చమురు దాచే ఏర్పాటు ఉంది. మూడూ నిండితే 53 లక్షల 30 వేల టన్నులు. తొమ్మిదిన్నర రోజులకు సరిపోతుందని ప్రభుత్వం చెప్పే లెక్క. ఇప్పటి రోజువారీ దిగుమతితో భాగిస్తే ఎనిమిదిన్నరే వస్తుంది. ఇది కూడా బోర్డు మీద చేయించదగిన లెక్కే. చమురు కంపెనీల ట్యాంకుల్లో ఉన్నదీ కలిపితే రెండు నెలలు దాటుతుందంటారు. జపాన్ రెండు వందల రోజుల పక్కన పెట్టి చూడాలి దీన్ని. నన్నడిగితే, ఎన్నికల వేళ పెట్రోలు మీద రెండు రూపాయలు తగ్గించారా లేదా అని అడిగే మనం, గుహలు ఎన్ని తవ్వారని కూడా అడగాలి. ఆ ప్రశ్న ఏ సభలోనూ వినబడదు.

సౌరవిద్యుత్తు, బ్యాటరీ బళ్లు వస్తే ఇదంతా పోతుంది కదా అంటారు కొందరు. పలకలు, బ్యాటరీలు ఎక్కువగా చైనానుంచే వస్తున్నాయి, ఒక ఆధారం పోయి ఇంకొకటి వస్తుంది అంటారు మరికొందరు. రెండో మాటలో నిజం ఉంది. కానీ ఒక తేడా ఉంది. చమురు ఈరోజు కొన్నది ఈరోజే కాలిపోతుంది, రేపు మళ్లీ కొనాలి. సౌరపలక ఒకసారి కొంటే పాతికేళ్లు పనిచేస్తుంది. అమ్మేవాడు రేపు అలిగినా ఇంటి మీది పలక ఆగదు. బియ్యం కొనడానికీ బావి తవ్వించడానికీ ఉన్న తేడా అది. పెట్రోలులో ఇథనాల్ కలపడం గురించి సోలాపూర్ చెరకు రైతుల ఇళ్ల పిల్లలకు వేరే అభిప్రాయం ఉంటుంది, దానికి నీళ్ల లెక్క కూడా కట్టాలి. అది ఇంకో రోజు సంగతి.

ఇదంతా సాంఘికశాస్త్రంలో ఇమడదనే టీచర్లున్నారు. సిలబస్ పూర్తి చేయడమే గగనం అని వాళ్ల బాధ, అందులో అబద్ధం లేదు. నేను అడుగుతున్నది కొత్త పాఠం కాదు, ఉన్న పాఠంలో ప్రశ్న మార్చమని. ‘చమురు ఎక్కడ దొరుకుతుంది’ అన్న చోట ‘ఎవరెవరు అమ్ముతున్నారు, ఏ దారిన వస్తుంది, ఆగిపోతే ఎన్నాళ్లు నిలబడతాం, దానికి కట్టే డబ్బు ఎక్కడిది’ అని అడిగితే చాలు. ఆఖరి ప్రశ్న నాకు ఇష్టం. ఎందుకంటే దాని జవాబు మన ఊళ్లలో ఉంది. ప్రేమికుల దినానికి హోసూరునుంచి విమానమెక్కే గులాబీలు, గోదావరి రొయ్యలు, హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్, కువైట్‌లో వంటపని చేసే తల్లి పంపే దినార్లు, ఇవన్నీ కలిసే చమురు బిల్లు కడుతున్నాయి. 2022-23లో సుమారు 23 కోట్ల టన్నుల ముడి చమురుకు మనం కట్టింది 15,700 కోట్ల డాలర్లు. మరుసటి ఏడు దాదాపు అంతే చమురుకు సుమారు 13,200 కోట్లు. సరుకు అంతే, ధర తగ్గింది. మిగిలిన 2,500 కోట్ల డాలర్లలో మన కష్టమేమీ లేదు. ధర పెరిగిన ఏడాది పోయేదానిలో మన తప్పూ లేదు. మన చేతిలో ఉన్నవి ఇంకో వైపున ఉన్నాయి.

ఇది తెలుగులో చెప్పుకోవలసిన పాఠమని నేను గట్టిగా అనడానికి కారణం ఉంది. పదో తరగతి దాటాక మన పిల్లలు తమిళంలోకో, కన్నడంలోకో, ఒడియాలోకో, మరాఠీలోకో, ఇంగ్లీషులోకో వెళ్తారు. అక్కడ జలసంధి, విదేశీ మారక ద్రవ్యం, సుంకం అన్నవి కొత్త పేర్లతో కనబడతాయి. విషయం ఇంటి మాటలో ఒకసారి అర్థమై ఉంటే పేరు మారినా పట్టుకుంటారు. విషయమే తెలియకుండా కొత్త పేరు నేర్చుకుంటే బట్టీయమే గతి. తల్లిదండ్రులు కూడా సాయం చేయవచ్చు. నాన్న ఆటోకు నెలకు ఎంత డీజిలు పోయిస్తాడో, ఇంట్లో బండ ఎన్ని రోజులు వస్తుందో, యూరియా బస్తాకు మనం కట్టే రూ.266.50 పోగా మిగతాది ఎవరు భరిస్తున్నారో ఇంట్లో మాట్లాడుకుంటే పిల్లలు వింటారు. యూరియా తయారయ్యేది గ్యాసుతోనేనని, ఆ గ్యాసులోనూ పెద్ద వాటా దిగుమతేనని చాలామంది రైతులకే తెలియదు.

ఈసారి అర్ధసంవత్సర పరీక్షకు ఒక ఐదు మార్కుల ప్రశ్న రాసి పెట్టుకున్నాను. ‘ఒక దేశం తనకు కావలసిన చమురంతా బయట కొంటుంది. మరో దేశం సగమే కొంటుంది. మొదటి దేశానికే ప్రమాదం ఎక్కువని చెప్పగలమా? చెప్పాలంటే ఇంకా ఏయే వివరాలు తెలియాలి?’ జవాబు ఏ గైడులోనూ ఉండదు, దిద్దడానికి మామూలుకన్నా ఎక్కువసేపే పడుతుంది. సరైన వివరాలు నాలుగు అడిగినవారికి నాలుగు మార్కులు వేస్తాను. అందులో ఒకదాన్ని తన ఇంటి ఖర్చుతో ముడిపెట్టి రాసినవారికి ఐదోది.